మేడమ్ ఉన్నారా?

జూన్ 13

ప్లాస్టర్ డీలరు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇన్నాళ్ళూ మైనం డబ్బాల కింద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి బయటికి తీశాను. ఎవరితోనైనా చెప్పుకోవాల్సినంత పెద్ద సంగతేం కాదు. పైగా మంచి సంగతే.

పొద్దున మాకు పని ఇచ్చే పళ్ళ డాక్టర్ సౌమ్యరంజన్ ఫోనులో ఒక ఉత్తర్వు పంపాడు. కట్టుడు పళ్ళు తయారుచేసే మెకానిక్‌లకు ఇకమీదట రిజిస్ట్రేషన్ అక్కర్లేదట. లేబ్ పెట్టడానికి డిప్లొమా కూడా తప్పనిసరి కాదట. పని వచ్చినవాళ్ళు ఎవరైనా పెట్టుకోవచ్చు.

మా ఆయన మైనం కరిగిస్తున్నారు. చదివి వినిపించాను.

"మళ్ళా సదువు," అన్నారు.

చదివాను.

"అంటే నాను కూడా పెట్టుకోవచ్చేటి?"

"ఎవరైనా అని రాసుంది. ఆ ఎవరైనాలో మీరు లేరేటి?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. మంట ఆర్పేసి, చేతులు కడుక్కుని బయటికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి మాంసం పట్టుకొచ్చారు. శుక్రవారం మా ఇంట్లో మాంసం వండరని ఆయనకి తెలుసు. అంత సంతోషం మీద ఉన్న మనిషికి వారం ఏం గుర్తుంటుంది? వండాను.

కటక్‌లో చదివిన డిప్లొమా నాది. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నాది. విజయనగరంలో ఒక ముసలి మేస్త్రి దగ్గర కూర్చుని నేర్చుకున్న పని ఆయనది. మున్సిపాలిటీలో నీళ్ళు వదిలే మా నాన్న, పార్వతీపురంలో ఉండే మామగారు పెళ్ళిచూపులనాడే ఈ పొత్తు కుదిర్చారు. అందుకే రాయగడలో మా బోర్డు మీద 'పద్మప్రియ డెంటల్ లేబ్' అని నా పేరు. మైనంలో పళ్ళు అమర్చేది ఆయన. ఎక్రిలిక్ పోసి, ఉడికించి, సానబట్టేది నేను. మాకు పిల్లలు లేరు. లేబే పిల్ల అనుకునేదాన్ని.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి భువనేశ్వర్ వెళ్ళినప్పుడల్లా పని అయ్యాక ఇద్దరం పూరీ వెళ్ళేవాళ్ళం. ఆయన ప్యాంటు మడిచి అలల్లో నిలబడేవారు. ఈ డిసెంబరులో మళ్ళీ వెళ్ళాల్సి ఉంది. ఇక అక్కర్లేదు. ఖర్చు కలిసొచ్చింది.

జూన్ 15

రజ పండగ. వీధిలో ఒడియా పిల్లలు ఉయ్యాలలు కట్టుకున్నారు. ఆయన పొద్దుటినుంచీ ఫోనులో ఉన్నారు. ఎవరితో అని నేను అడగలేదు.

జూన్ 18

కోరాపుట్‌లో కొత్తగా క్లినిక్ పెట్టిన డాక్టరు ఎవరో ఉన్నాడట. దగ్గరలో మంచి లేబ్ లేదట. బోరిగుమ్మ నుంచి, అటు పక్క ఊళ్ళ నుంచి కూడా పని వస్తుందట. ఒక గది అద్దెకి దొరికిందట. ఇవన్నీ అన్నం తింటూ, పప్పు కలుపుకుంటూ చెప్పారు.

"రెండు నెలలు సూసొస్తాను పద్మా. కుదిరితే కుదిరినట్టు, నేపోతే నేదు."

"ఇక్కడి పని?"

"నువ్వున్నావు కదా. శెనివారం శెనివారం వస్తాను. పళ్ళు సెటింగులన్నీ నాను వచ్చేదాకా ఉంచు."

బాగానే ఆలోచించారు. రెండు ఊళ్ళలో రెండు లేబులు. నేను కూడా అదే అనుకుంటున్నాను అన్నాను. అనుకోలేదు గానీ, అనుకుని ఉండాల్సింది.

జూన్ 23

రైలెక్కించి వచ్చాను. మైనం కత్తులు, రెండో పాలిషింగ్ మోటారు, పళ్ళ అచ్చులు బిగించి చూసే దవడల ఫ్రేములు నాలుగు పట్టుకెళ్ళారు. స్వెట్టరు కూడా పెట్టుకున్నారు. కోరాపుట్‌లో ఈ వానలకే చలేస్తుందట. ముందుచూపు ఉన్న మనిషి.

రథయాత్ర అయ్యాక వచ్చే శనివారం వస్తానన్నారు.

జూన్ 28

రథయాత్ర మర్నాడు జనం ఇంకా ఉన్నారట. బస్సులు, రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి. రాకపోవడమే మంచిది.

జూలై 5

లైను మీద కొండచరియ పడి రైళ్ళు ఆగిపోయాయని టీవీలో చూపించారు. నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఔనేటి? నాకు తెల్దు," అన్నారు. వెంటనే, "ఔనౌను, ఇక్కడ కూడా అందరూ అనుకుంటన్నారు," అన్నారు.

జూలై 8

లైను బాగుచేశారు.

జూలై 12

చింతచిగురు, రొయ్యపొట్టు కొని ఉంచాను. మధ్యాహ్నం రైలు వచ్చి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం ఎత్తి, పని మీద కూర్చుంటే ధ్యాస లేదన్నారు. గొంతు బావుంది. జలుబు తగ్గింది కాబోలు.

కూర పక్కింట్లో ఇచ్చేశాను. ఆయనకి పెట్టిన తర్వాత మిగిలిందని చెప్పాను. ఎందుకు అలా చెప్పానో తెలీదు. వాళ్ళేమీ అడగలేదు కూడా.

జూలై 15

సెటింగులు పేరుకుపోయాయి. డాక్టర్ సౌమ్యరంజన్ రెండుసార్లు అడిగాడు. బాలామణి పిన్నిగారి కేసు అసలు ఆగేలా లేదు. ఆవిడ మా వెనక వీధిలో కిరాణా హోల్‌సేల్ కొట్టువారి అమ్మగారు. కొడుకు సోమేశ్వరరావు కొట్టు చూసుకుంటున్నా, పొద్దున్నే వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చునేది ఆవిడే. పై పళ్ళు కింద పళ్ళు మొత్తం పోయాయి. పళ్ళు లేకపోయినా నోరు తగ్గలేదు.

ఇంక ఆగకుండా నేనే కూర్చున్నాను. నేనూ చదువుకున్నదాన్నే కదా. పుస్తకంలో కొలతలన్నీ ఉన్నాయి. పెదవి మధ్యగీత, నవ్వుగీత, కోరపన్ను చోటు. ఒక్కటీ తప్పలేదు. పళ్ళు వరసగా, ముత్యాల్లా వచ్చాయి. మైనం మీద అలాగే డాక్టరుకి పంపాను, నోట్లో పెట్టి చూసి చెప్పమని.

జూలై 17

పిన్నిగారు క్లినిక్ నుంచి నేరుగా లేబ్‌కే వచ్చింది. మైనం సెట్టు గుడ్డలో చుట్టి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇయ్యి నా పళ్ళు కావమ్మి."

"కొలతకి సరిగ్గా ఉన్నాయి పిన్నీ. డాక్టరుగారు కూడా బావున్నాయన్నారట కదా."

"ఆ డాక్టరుకేటి తెలుసు? నాను నవ్వితే మా ఆడపడుచు నవ్వినట్టున్నాది. అది సచ్చి పదేళ్ళయింది, మళ్ళీ నా నోట్లోకొచ్చి కూకుందేటి?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

"మీ ఆయన ఏడి? ఆయన్ని సెయ్యమను. ఉప్పుకీ పప్పుకీ కొట్టుకొచ్చినప్పుడల్లా నా మొగం సూస్తాడు. ఆయనకి తెలుస్తాది."

"కోరాపుట్‌లో పని పిన్నీ. ప్రతి శనివారం వస్తారు."

"మొన్న శెనివారం వచ్చేడేటి? మాకు అగుపించలేదు."

"వచ్చారు. వెంటనే వెళ్ళిపోయారు."

పిన్నిగారు నా మొహంలోకి కాసేపు చూసింది. "సరేలే అమ్మి, వచ్చే శెనివారం సెయ్యమను," అని వెళ్ళిపోయింది.

జూలై 19

రాలేదు.

జూలై 21

ఫోన్ చేసి పిన్నిగారి సంగతి చెప్పాను. ఆడపడుచు మాటకి ఆయన పగలబడి నవ్వారు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని.

"ఆ సెట్టు బస్సులో పంపించు. డ్రైవరుకి నాను సెప్తాను," అన్నారు.

"మీరే వచ్చి చెయ్యొచ్చు కదా."

"పంపించు పద్మా."

పంపించాను. దూది పరిచి, అట్టపెట్టెలో పెట్టి కట్టాను. ఖాళీ ఉంది కదా అని పెట్టెలో ఓ పక్క ఆయనకిష్టమైన చేగోడీలు కూడా పెట్టాను. మైనానికి నూనె తగలకుండా వేరే కవరులో.

జూలై 25

పెట్టె తిరిగొచ్చింది. చీటీ ఏమీ లేదు. సెట్టు చూశాను. పై వరసలో ముందు పన్ను ఒకటి రవ్వంత పక్కకి తిప్పారు. ఇంకోటి కొస అరిగినట్టు చేశారు. కోరపళ్ళు కొంచెం లోపలికి పెట్టారు. అంతే. ఆ మైనంలోంచి పిన్నిగారు నన్ను చూసి ఏదో అనబోతున్నట్టుంది.

చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

జూలై 29

ఎక్రిలిక్ పోసి ఉడికించాను. అంత జాగ్రత్తగా ఇదివరకు ఎప్పుడైనా సానబట్టానా? ఆయన పెట్టిన పన్ను ఒక్కటీ కదలకుండా చేశాను. ఆయన ఆ ఊళ్ళో, నేను ఈ ఊళ్ళో ఉన్నా పని కలిసే చేశాం. ఇలా కూడా కాపురం చెయ్యొచ్చు. ఎంతమంది ఉద్యోగస్తులు చెయ్యడం లేదు?

పిన్నిగారు పెట్టుకుని, అద్దం చూసుకుని, "మీ ఆయన శెనివారం వచ్చేడన్నమాట," అంది.

"వచ్చారు పిన్నీ," అన్నాను.

ఆగస్టు 4

నేనే వెళ్తే? చెప్పకుండా వెళ్తే సంతోషిస్తారు.

ఆగస్టు 9

ఇవాళ కోరాపుట్ వెళ్ళాను. వెళ్ళి వచ్చేశాను. ఉన్నదున్నట్టు రాయాలి.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే చిన్నపిల్లలు కేకలు పెడుతున్నారు. వెలుగొచ్చినప్పుడల్లా కొండల మీద మబ్బులు కిందికి దిగి కనిపించాయి. కొత్త చీర కట్టుకున్నాను. ఆయన చొక్కాలు రెండు ఇస్త్రీ చేయించి పట్టుకెళ్ళాను.

గది బజారు వీధిలోనే. దూరం నుంచే బోర్డు కనపడింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. పైన ఒడియాలో, కింద తెలుగులో: మల్లేశ్వరరావు డెంటల్ లేబ్. ఆ పేరు అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళి శుభలేఖలో కూడా చిన్నగానే వేశారు.

లోపల ఒక ముసలాయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఈయన ఎదురుగా స్టూలు వేసుకుని అక్కడి దేసియా భాషలో ఏదో కబురు చెబుతున్నారు. ముసలాయన నవ్వుతున్నాడు. నవ్వినప్పుడల్లా ఈయన మాట ఆపకుండానే ఆ ముసలాయన పెదవుల వైపు చూసి, చేతిలో మైనంలో పన్ను కాస్త కదుపుతున్నారు. మా లేబ్‌కి పిన్నిగారిలాంటివాళ్ళు తప్ప మనుషులు రారు, డాక్టరు పంపిన అచ్చులే వస్తాయి. నేనే వద్దనేదాన్ని, గుమ్మంలో మనుషులుంటే పని సాగదని.

గుమ్మంలో నన్ను చూసి లేచారు. "ఓలమ్మ! సెప్పలేదేటి?" అన్నారు. ముసలాయనతో, "మా ఇంటావిడ," అన్నారు. ఇన్నేళ్ళలో ఎవరికైనా నన్ను పరిచయం చెయ్యడం అదే మొదలు. ఎప్పుడూ నేనే ఆయన్ని పరిచయం చేసేదాన్ని.

ముసలాయన వెళ్ళాక టీ తెప్పించారు. వెనక గదిలో ఒక నవారు మంచం, ఒక స్టవ్వు, తాడు మీద ఆయన బట్టలు. ఇంకెవరి బట్టలూ లేవు. చూశాను. ఎవరైనా ఉంటే నాకు తేలికయ్యేదేమో.

"ఎప్పుడొస్తారేటి?" అన్నాను.

టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టారు.

"పద్మా, నీ మీద నాకు కోపమేటీ నేదు. అది ముందు నువ్వు నమ్మాల."

"నమ్మేను. ఎప్పుడొస్తారు?"

"అక్కడ ఫోను మోగితే నాను ఎత్తుతాను. అవతల ఏటంతారో తెలుసా? మేడమ్ ఉన్నారా అంతారు. పొద్దస్తమానం పళ్ళు కట్టేది నాను. మేడమ్ ఉన్నారా, మేడమ్ సంతకం కావాల, మేడమ్‌కి ఇయ్యి. డాక్టరుగారు ఎదురుగా కూకుని కూడా నీతోనే మాటాడతాడు. నాను మోటారు పక్కన మోటారులాగ నిలబడుండేవోణ్ణి."

"నేనెప్పుడైనా మిమ్మల్ని తక్కువ చేశానేటి?"

"నేదు. నువ్వు సెయ్యలేదు. సేస్తే దెబ్బలాడీవోణ్ణి."

వీధిలో అరటిపళ్ళ బండివాడు అరుస్తూ వెళ్ళాడు.

"పోనీ ఆ లేబ్ మూసేసి నేనే ఇక్కడికి వచ్చేస్తాను. మీ బోర్డు కిందే పని చేస్తాను," అన్నాను. ఈ మాట రైల్లో అనుకుని వచ్చింది కాదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆయన గ్లాసులు రెండూ తీసుకెళ్ళి కుళాయి కింద కడిగారు. నా వైపు తిరగకుండానే అన్నారు.

"నువ్వు వస్తే మళ్ళా మేడమ్ ఉన్నారా అంతారు."

స్టేషనుకి వచ్చి దిగబెట్టారు. కిటికీలోంచి నీళ్ళ సీసా ఇచ్చారు. చొక్కాలు తీసుకున్నారు. "ఇస్త్రీ ఎందుకు, ఇక్కడా సేస్తారు," అన్నారు. రైలు కదిలాక చెయ్యి ఊపారు. మొహం తేటగా ఉంది. నాకు తెలిసిన మొహమే. కానీ ఇంతకాలం దాని మీద ఏదో కప్పి ఉన్నట్టుంది.

ఆగస్టు 10

ఏమీ లేదు.

ఆగస్టు 12

అన్నం ఎక్కువ వండేస్తున్నాను. గ్లాసుతో కొలిచే చెయ్యి మారడం లేదు.

ఆగస్టు 14

ఆయన అన్నదాంట్లో రాననే మాట లేదు. మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. ఎక్కడా లేదు.

ఆగస్టు 20

డాక్టర్ సౌమ్యరంజన్ స్వయంగా వచ్చాడు. మంచివాడు, ఫోనులో చెప్పడం ఇష్టంలేక వచ్చాడు. బూట్లు విప్పి లోపలికి వచ్చి, కూర్చోమన్నా నిలబడే ఉన్నాడు.

"దీదీ, ముందు పళ్ళ కేసులు ఇకమీదట రావుగారికి కోరాపుట్ పంపిస్తాను. పేషెంట్లు అడుగుతున్నారు. దవడ పళ్ళు, రిపేర్లు మీకే," అని ఒడియాలో అన్నాడు.

"ఆయన మీకు చెప్పారా?"

"లేదు. నేనే అడిగాను. మీకు చెప్పకుండా తీసుకోనన్నాడు." కాస్త ఆగి, "బస్టాండు దగ్గర ఇంకొకడు లేబ్ తెరిచాడు, చూశారా? నిన్నటిదాకా ఫోన్లు రిపేరు చేసేవాడు. మీ చదువు మీకుంది దీదీ, దానికి ఎప్పుడూ గౌరవం ఉంటుంది," అన్నాడు.

సరే అన్నాను. వెళ్ళేటప్పుడు అలవాటుకొద్దీ, "రావుగారిని అడిగానని చెప్పండి," అని, నాలిక కరుచుకున్నాడు.

ఆగస్టు 21

పిన్నిగారి కొట్టుకి వెళ్ళాను. కందిపప్పు కొనడానికి. ఆవిడ కొత్త పళ్ళతో వేయించిన శనగలు నములుతోంది.

"అర కిలో సాలేటమ్మి? ఎప్పుడూ కిలో తీసుకెల్తావు."

"చాలు పిన్నీ. ఆయన రారు."

"ఈ శెనివారమా?"

"ఇంక రారు."

మాట నా చెవులకి వినబడింది. కొట్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. సోమేశ్వరరావు తక్కెడ వైపు చూస్తూ ఉండిపోయాడు. పిన్నిగారు శనగలు పక్కన పెట్టింది.

"మొన్నా రానేదు, అటు మొన్నా రానేదు. అవునా?"

"అవును పిన్నీ."

"నాకు తెలుసు. నువ్వు సెప్పీదాకా ఊరుకుందామనుకున్నాను." మళ్ళీ శనగలు తీసుకుంది. "నాను మొగుడు పోయిన మర్నాడే కొట్టు తెరిసేను. జనం సెవులు కొరుక్కున్నారు. బేరం మటుకు ఆగలేదు. నీకు ముందుపళ్ళు కట్టడం రాదు కదా. అది నేర్సుకో. ఏడుపు దానికదే వస్తాది, దానికి నేర్సుకోనక్కర్నేదు."

ఇంటికి వచ్చాక నిజంగానే వచ్చింది. నేర్చుకోకుండానే.

ఆగస్టు 27

గుమ్మం పక్కన ఒక కుర్చీ వేశాను. మనుషులు రావచ్చని పిన్నిగారి కొట్లో చెప్పించాను. ఎవరూ రాలేదు.

సెప్టెంబరు 3

ఒకావిడ వచ్చింది. ఏం మాట్లాడాలో తెలీక ఎంతమంది పిల్లలు అని అడిగాను. ఆవిడా అదే నన్ను అడిగింది. అమర్చిన పళ్ళు బాగా రాలేదు. విప్పేసి మళ్ళీ పెట్టాను. అప్పుడూ అంతంతమాత్రమే.

సెప్టెంబరు 6

ఫోన్ చేశారు. ఎలా ఉన్నావు అన్నారు. బావున్నాను అన్నాను. నేను ఎప్పుడొస్తారని అడగలేదు. ఆయన ఆ ప్రశ్న కోసం ఆగి, రాకపోయేసరికి, "సరే మరి," అన్నారు.

"ఎదుటి మనిషితో మాట్లాడుతూ పన్ను కదపడం ఎలా? నాకు రెండూ ఒకేసారి రావడం లేదు," అన్నాను.

అవతల మోటారు ఆపిన చప్పుడు వినిపించింది.

"ముందు మాటాడీ. సెయ్యి ఖాళీగా ఉంచు. మనిషి నిన్ను మరిసిపోయేక అప్పుడు మైనం తీయి," అన్నారు.

మేము మాట్లాడుకున్న మాటల్లో ఇది మంచిది.

సెప్టెంబరు 13

కల్యాణసింగ్‌పూర్ దగ్గర్నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు సన్యాసయ్య. మా నాన్నలాగే మున్సిపాలిటీలో చేసి రిటైరై, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడట. డాక్టరు తీసిన కొలతలు, కాయితం అన్నీ పట్టుకుని వచ్చాడు. కోరాపుట్ పంపిస్తే దూరమని ఇక్కడే చేయించుకుంటానన్నాడట.

కుర్చీలో కూర్చుని చుట్టూ చూశాడు.

"పళ్ళు కట్టీది మీ ఆయనంట కదా. ఆయనేడమ్మా?"

"మల్లేశ్వరరావు కోరాపుట్‌లో ఉంటున్నాడు. ఇక్కడికి రాడు."

"అలాగేటి. మరి నాకెవలు కడతారు?"

"నేనే."

నా చేతుల వైపు చూశాడు. ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. సరేనన్నట్టు తలూపి, కోడలు వండే కూరల్లో ఉప్పు గురించి మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి కొడుకు, అక్కణ్ణుంచి వరి, అక్కణ్ణుంచి ఎప్పుడో నాగావళి పొంగి పంపుహౌసులోకి నీళ్ళొచ్చిన రోజు. మెల్లిగా మైనం తీశాను. ఆయన చూడలేదు.

ముందు పళ్ళు వరసగా పెట్టి ఫ్రేములో చూపించాను. పెదవి విరిచాడు.

"నా పళ్ళు ఎత్తుపళ్ళమ్మా. ఎత్తుగా పెట్టు."

"ఎందుకు తాతా? తిన్నగా ఉంటే అందంగా ఉంటుంది కదా."

"అందమెవలికి కావాల? నా ఆడదానికి శుక్లాలు, సరిగ్గా అగుపించదు. తిన్నగా పెట్టుకుని ఇంటికెల్తే, ఎవలో వచ్చేరని నెత్తి మీద ముసుగు లాక్కుంతాది."

పై రెండు పళ్ళూ ముందుకి లాగాను. చాలదన్నాడు. ఇంకొంచెం లాగాను. పుస్తకంలో ఏ కొలతకీ అది అందదు. నోట్లో పెట్టి చూడడం డాక్టరు పని అని చెప్పేలోపే మైనం సెట్టు అందుకుని పెట్టేసుకున్నాడు. గోడకున్న అద్దం దగ్గరికి వెళ్ళి, మెడ అటూ ఇటూ తిప్పి, నోరు బార్లా తెరిచి నవ్వాడు.

"ఇదిగో," అన్నాడు నా వైపు తిరిగి, "వచ్చేడు సన్యాసయ్య."